అణుశక్తి మీద పౌర అధికారం: నరసరావుపేట లోక్‌సభ సభ్యులకు బహిరంగ లేఖ



అణుశక్తి కార్యక్రమం ప్రపంచంలో మొదట సైనిక పథకంగానే పెద్దదైంది. 1942లో అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం మన్‌హట్టన్ పథకాన్ని చేపట్టింది. దానికి అధిపతి జనరల్ లెస్లీ గ్రోవ్స్. ఓక్‌రిడ్జ్‌లో యురేనియం శుద్ధి, హాన్‌ఫర్డ్‌లో ప్లుటోనియం ఉత్పత్తి, లాస్ అలమోస్‌లో బాంబు తయారీ, మూడూ ఆయన కిందే నడిచాయి. పనిచేసిన శాస్త్రవేత్తలు పౌరులే. కానీ ఎవరు ఎవరితో మాట్లాడవచ్చో, ఏ కాగితం ఎవరి బల్ల మీదికి చేరాలో నిర్ణయించింది సైన్యం. యుద్ధం ముగిశాక ఆ కర్మాగారాలూ ఆ రహస్యాలూ ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న లేచింది. సైన్యం చేతి నుంచి పౌర ప్రభుత్వం చేతికి అణుశక్తి మారడమన్న చరిత్ర అక్కడ మొదలవుతుంది.

ఆ చరిత్రతో పల్నాడుకు నేరుగా సంబంధం ఉంది. మాచర్ల దగ్గరి కొప్పునూరు ప్రాంతంలో, భూగర్భ శాస్త్రజ్ఞులు పల్నాడు ఉప హరివాణం అని పిలిచే రాతి పొరల్లో, కేంద్ర అణు ఖనిజాల అన్వేషణ సంస్థ యురేనియం నిక్షేపాన్ని గుర్తించింది. నాగార్జున సాగర్ జలాశయానికి అవతలి గట్టున, నల్లగొండ జిల్లాలో, లంబాపురం, పెద్దగట్టు నిక్షేపాలున్నాయి. ఆ రాయిని తవ్వాలా వద్దా, తవ్వితే అందులోంచి వచ్చే సరుకు విద్యుత్తుకు వెళుతుందా ఆయుధానికి వెళుతుందా, మిగిలిన బూడిదరంగు బురదకు ఎవరు కాపలా ఉంటారు, ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే అధికారం ఎవరిది అన్నదే ఈ లేఖ విషయం.

అమెరికాలో ఆ మార్పు మాటలతో తేలిపోలేదు. 1945 అక్టోబరులో కాంగ్రెస్ ముందుకు వచ్చిన మే-జాన్సన్ బిల్లుకు యుద్ధ శాఖ అండ ఉంది. అణుశక్తిని చూసే సంఘంలో ఉద్యోగంలో ఉన్న సైనికాధికారులు కూడా కూర్చోవచ్చునని, రహస్యం బయటపెట్టినవారికి కఠిన శిక్షలు పడతాయని అందులో రాశారు. బిల్లును కొద్ది రోజుల్లోనే దాటించాలని చూశారు. దానికి అడ్డం నిలిచింది బాంబు తయారీలో పాలుపంచుకున్న శాస్త్రవేత్తలే. షికాగో నుంచి, ఓక్‌రిడ్జ్ నుంచి, లాస్ అలమోస్ నుంచి యువకులు వాషింగ్టన్ చేరుకుని సెనెటర్ల గదుల్లో, పత్రికల కార్యాలయాల్లో అణువు గురించి ఓపికగా పాఠాలు చెప్పారు. సెనెటర్ బ్రయన్ మెక్‌మహన్ డిసెంబరులో వేరే బిల్లు తెచ్చాడు: అధ్యక్షుడు నియమించి సెనేట్ ఆమోదించే ఐదుగురు పౌరులతో పూర్తికాలపు సంఘం. సెనెటర్ వాండెన్‌బర్గ్ సవరణతో సైన్యానికి ఒక అనుసంధాన కమిటీ మిగిలింది. 1946 ఆగస్టు 1న ట్రూమన్ సంతకం చేశాడు. 1947 జనవరి 1న కర్మాగారాలన్నీ పౌర సంఘం కిందికి వచ్చాయి. తొలి అధ్యక్షుడు డేవిడ్ లిలియెంథాల్, టెనెసీ లోయ సంస్థను నడిపినవాడు. మన దామోదర్ లోయ సంస్థకు నమూనా అయిన సంస్థ అది.

ఆ చట్టంలో అంతగా పేరు రాని మరో ఏర్పాటు ఉంది. ఉభయ సభల సభ్యులతో ఒక సంయుక్త సంఘం వేశారు. అణుశక్తి సంఘం ఏం చేస్తున్నా, బాంబుల సంగతి అయినా సరే, ఎప్పటికప్పుడు ఆ సభ్యులకు తెలియజేసి తీరాలి. ప్రజలు ఎన్నుకున్నవారికి తెలుసుకునే హక్కును చట్టమే రాసిచ్చింది. పౌర అధికారమన్న మాటకు బలం చేకూర్చిన అంశాల్లో ఇది ముఖ్యమైనది. భారతదేశం ఈ భాగాన్ని ఎన్నడూ తీసుకోలేదు.

అయితే అధికారం పౌరుల చేతికి వచ్చినంత మాత్రాన ప్రజలకు రక్షణ వచ్చిందని చెప్పడానికి లేదు. 1949 డిసెంబరులో హాన్‌ఫర్డ్ కర్మాగారం ఒక ప్రయోగం కోసం రేడియోధార్మిక అయోడిన్‌ను కావాలని గాలిలోకి వదిలింది. అప్పటికి అక్కడ యజమాని పౌర సంఘమే. చుట్టుపక్కల పాడి రైతులకు ఒక్క మాట చెప్పలేదు. ఆ సంగతి 1986లో పత్రాలు విడుదలయ్యేదాకా, దాదాపు నలభై ఏళ్లు, బయటికి రాలేదు. 1951 నుంచి నెవాడా ఎడారిలో పేల్చిన బాంబుల ధూళి పడిన ఊళ్లకు ప్రమాదం లేదని చెబుతూ వచ్చిందీ అదే సంఘం. నవాహో ఆదివాసుల నేల మీద యురేనియం తవ్వకం 1944 నుంచి 1986 దాకా సాగింది. చాలాకాలం ఆ ఖనిజానికి ప్రభుత్వమే ఏకైక కొనుగోలుదారు. గాలి ఆడని గనుల్లో దిగిన కూలీలకు రేడాన్ వాయువు సంగతి చెప్పలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మనుషులు పోయాక, 1990లో అమెరికా పరిహార చట్టం చేసింది. ఇప్పటికీ అక్కడ 500కు పైగా గనులు మూసీమూయకుండా పడి ఉన్నాయి.

తప్పు ఎక్కడుందో అమెరికన్లు ఆలస్యంగా అయినా గుర్తించారు. అణుశక్తిని పెంచే పనీ, అది ప్రజలకు హాని చేయకుండా చూసే పనీ ఒకే సంఘం చేసేది. మిర్చి యార్డులో సరుకు కొనేవాడే కాటా కూడా పట్టుకుంటే రైతుకు ఏమవుతుందో పల్నాడులో ఎవరికీ వివరించనక్కర లేదు. 1974లో చట్టం చేసి ఆ సంఘాన్ని రద్దుచేశారు. నియంత్రణ పని ఒక స్వతంత్ర కమిషన్‌కు, పరిశోధన, ఆయుధాల పని మరో సంస్థకు ఇచ్చారు. 1977లో ఆ రెండో సంస్థ ఇంధన శాఖలో కలిసింది. అమెరికా అణ్వాయుధాలను తయారుచేసేది నేటికీ ఆ పౌర శాఖే. సైన్యం చేతిలో ఉండేది వాటిని మోసే విమానాలు, క్షిపణులు, జలాంతర్గాములు.

మిగతా పెద్ద దేశాల దారులు వేరు. బ్రిటన్‌లో సరఫరా మంత్రిత్వ శాఖ కింద నడిచిన పని 1954లో ఒక పౌర అణుశక్తి సంస్థకు మారింది. ఫ్రాన్స్ 1945 అక్టోబరులోనే పౌర అణుశక్తి సంస్థను పెట్టుకుంది. శాస్త్రవేత్త జోలియో-క్యూరీని దానికి ఉన్నతాధికారిగా నియమించి, ఆయన కమ్యూనిస్టు అభిప్రాయాలు నచ్చక 1950లో తొలగించింది. ఆ తరువాత అదే సంస్థ బాంబు చేసింది. సోవియట్ యూనియన్‌లో రహస్య పోలీసుల అధిపతి బేరియా కింద మొదలైన పని 1953లో ఒక మంత్రిత్వ శాఖకు మారింది. ఆ శాఖకు మధ్యతరహా యంత్ర నిర్మాణ శాఖ అని పేరు పెట్టారు, బయటివాడికి ఏమీ అర్థం కాకుండా.

సైన్యం నుంచి పౌరులకు అధికారం నిజంగా చేతులు మారిన కథ కావాలంటే దక్షిణ అమెరికా వైపు చూడాలి. అర్జెంటీనాలో 1950లో పుట్టిన అణుశక్తి సంఘాన్ని ఎక్కువ కాలం నౌకాదళ అధికారులే నడిపారు. 1976 నుంచి 1983 దాకా, సైనిక నియంతృత్వం రాజ్యమేలిన కాలంలో, వైస్ అడ్మిరల్ కాస్త్రో మదేరో దానికి అధ్యక్షుడు. పిల్కానియేవులో యురేనియం శుద్ధి కర్మాగారాన్ని ఎవరికీ తెలియకుండా కట్టి 1983 నవంబరులో, అంటే ఎన్నికైన ప్రభుత్వం రావడానికి కొన్ని రోజుల ముందు, ప్రకటించారు. ఆ డిసెంబరులో పదవిలోకి వచ్చిన రౌల్ అల్ఫోన్సిన్ సంఘానికి ఒక పౌర ఇంజనీరును అధిపతిగా పెట్టాడు. పొరుగున ఉన్న బ్రెజిల్‌లో నౌకాదళం, వైమానిక దళం, సైన్యం తలా ఒక రహస్య అణు కార్యక్రమం నడిపేవి. 1988 రాజ్యాంగంలో అణు కార్యకలాపాలు శాంతి ప్రయోజనాలకే, అదీ పార్లమెంటు ఆమోదంతోనే జరగాలని రాసుకున్నారు. 1990 సెప్టెంబరులో అధ్యక్షుడు కొలోర్, కషింబో వైమానిక స్థావరంలో అణు పరీక్ష కోసం తవ్విన గోతిని పూడ్చే పని బహిరంగంగా చేయించాడు. 1991లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని, ఒకరి కర్మాగారాలను ఒకరు తనిఖీ చేసుకునే ఉమ్మడి సంస్థను నెలకొల్పుకున్నాయి. అది నేటికీ పనిచేస్తోంది. ఒకరినొకరు నమ్మని ఇద్దరు పొరుగువాళ్లు తలుపులు తెరిచి చూపించుకోవడం సాధ్యమేనని అది నిరూపించింది. దక్షిణాసియాలో ఆ ఆలోచన ఎందుకు వేళ్లూనలేదో పార్లమెంటు ఎప్పుడైనా తీరికగా చర్చించవలసిన విషయం.

భారతదేశం కథ వీటిలో చాలావాటికి తలకిందులు. ఇక్కడ అణుశక్తి ఎన్నడూ సైన్యం చేతుల్లో లేదు. 1948లో రాజ్యాంగ సభ శాసనసభగా కూర్చుని అణుశక్తి చట్టం చేసింది. అదే ఏడాది ఆగస్టులో హోమీ భాభా అధ్యక్షుడుగా, కె.ఎస్. కృష్ణన్, శాంతి స్వరూప్ భట్నాగర్ సభ్యులుగా అణుశక్తి సంఘం ఏర్పడింది. ముగ్గురూ శాస్త్రవేత్తలే. 1954 ఆగస్టు 3న ప్రత్యేక శాఖ పెట్టి నేరుగా ప్రధాని కింద ఉంచారు. సైన్యాన్ని దూరం పెట్టిన ఈ ఏర్పాటు అప్పటికి చాలా దేశాలకంటే నాగరికమైనది. ఆ మాట ఒప్పుకోవలసిందే.

కానీ ఆ చట్టం తెచ్చిన గోప్యత, సైన్యం పాటించే గోప్యతకంటే తక్కువేం కాదు. 1948 ఏప్రిల్‌లో సభలో ఎస్.వి. కృష్ణమూర్తి రావు ఈ సంగతి పట్టుకున్నారు. బ్రిటన్ చట్టంలో ఆయుధాల సంగతులకే రహస్యం పరిమితం, ఇక్కడ శాంతియుత పరిశోధనకు కూడా ఎందుకని అడిగారు. శాంతికి వాడే దాన్నీ యుద్ధానికి వాడే దాన్నీ విడదీయడం ఎలాగో తనకు తెలియదని నెహ్రూ జవాబిచ్చారు. నిజాయితీ గల జవాబే. అయితే విడదీయలేమన్న ఆ ఒక్క కారణంతో మొత్తం శాఖను తెర వెనక పెట్టారు. 1962 చట్టం ఆ తెరను ఇంకా మందం చేసింది. 18వ సెక్షన్ కింద అణు కర్మాగారాల సమాచారాన్ని బయటికి పొక్కకుండా ఆపే అధికారం ప్రభుత్వానికి దక్కింది.

కెనడా ఇచ్చిన సైరస్ రియాక్టర్ 1960లో ట్రాంబేలో పని ప్రారంభించింది. భారజలం అమెరికా నుంచి వచ్చింది. శాంతికే వాడతామన్న మాట మీద ఇచ్చారు. ఆ రియాక్టర్‌లో తయారైన ప్లుటోనియంతోనే 1974 మే 18న పోఖ్రాన్‌లో పేలుడు జరిగింది. గొయ్యి తవ్వింది సైన్యపు ఇంజనీర్లు. పరికరం చేసింది రాజా రామన్న నాయకత్వంలోని భాభా అణు పరిశోధన కేంద్రం. నిర్ణయం తెలిసినవారు చేతివేళ్ల మీద లెక్కించదగినంత మంది. పార్లమెంటుకు ముందుగా తెలియలేదు. 1998 మే 11, 13 తేదీల పరీక్షలకూ అంతే. అంటే అమెరికాలో సైన్యం చేసిన పనిని ఇక్కడ పౌర శాఖ చేసింది. విద్యుత్తు పనీ అదే శాఖది. రెండు పనులకూ ఒకే ఖజానా, ఒకే అధికారి, ఒకే రహస్య చట్టం. 2003 జనవరిలో ఏర్పడిన అణు ఆదేశ వ్యవస్థలో, అణ్వాయుధం వాడాలన్న ఆదేశం ప్రధాని అధ్యక్షతన ఉండే రాజకీయ మండలి మాత్రమే ఇవ్వగలదు. సైన్యం మీద పౌరుల పెత్తనం భారతదేశంలో గట్టిగానే ఉంది. లోపం మరోచోట ఉంది: ఆ పౌర శాఖ మీద ప్రజాప్రతినిధుల పెత్తనం బలహీనం.

రెండు పనులనూ విడదీసే ప్రయత్నం బయటి ఒత్తిడితోనే జరిగింది. 1974 తరువాత కెనడా, అమెరికా సరఫరాలు ఆపేశాయి. 2007, 2008 నాటికి దేశీయ యురేనియం చాలక రియాక్టర్లు దాదాపు సగం సామర్థ్యంతో నడిచే స్థితి వచ్చింది. 2005 జులై 18న మన్మోహన్ సింగ్, జార్జ్ బుష్ చేసిన సంయుక్త ప్రకటనలో పౌర, సైనిక అణు కేంద్రాలను వేరుచేస్తామని భారత్ మాట ఇచ్చింది. 2006 మార్చిలో ఆ ప్రణాళిక బయటికి వచ్చింది. 22 విద్యుత్ రియాక్టర్లలో 14 అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీ కిందికి వస్తాయి. సైరస్‌ను మూసేస్తారు. 2010లో మూశారు కూడా. ట్రాంబేలోని ధ్రువ, కల్పాక్కంలోని ఫాస్ట్ బ్రీడర్‌లు తనిఖీకి బయటే ఉంటాయి. 2008 సెప్టెంబరు 6న అణు సరఫరాదారుల బృందం మినహాయింపు ఇచ్చింది.

ఆ విభజన గీత తెలుగు నేల మీదుగా కూడా వెళ్లింది. 1971లో నెలకొన్న హైదరాబాద్ అణు ఇంధన సముదాయంలో కొన్ని బ్లాకులు, శుద్ధి చేసిన యురేనియం ఇంధనం తయారయ్యేవి, దిగుమతి యురేనియంతో పనిచేసేవి, పౌర జాబితాలో చేరాయి. అదే ఆవరణలో మిగతావి చేరలేదు. ఒకే ప్రహరీ గోడ లోపల ఒక షెడ్డుకు వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నుంచి తనిఖీదారులు వస్తారు, పక్క షెడ్డుకు రారు. భారజల కర్మాగారాల్లో థాల్, తూత్తుకుడి, హజీరా పౌర జాబితాలో ఉన్నాయి. గోదావరి గట్టున ఉన్న మణుగూరు లేదు. విశాఖపట్నంలో 2009 జులై 26న జలప్రవేశం చేసిన ఐఎన్ఎస్ అరిహంత్ జలాంతర్గామికి రియాక్టర్ రూపొందించింది భాభా కేంద్రమే. అదే తీరంలో ఉత్తరాన, రణస్థలం మండలం కొవ్వాడలో, ఆరు వెస్టింగ్‌హౌస్ రియాక్టర్ల పౌర విద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఏళ్లుగా నడుస్తోంది. ఒక్క రాష్ట్రంలో, ఒక్క సముద్రతీరంలో, రెండు ముఖాలూ కనిపిస్తాయి.

ఈ విభజనలో సామాన్యుడికి అందని, కానీ పల్నాడుకు అత్యంత ముఖ్యమైన ఒక నియమం ఉంది. కజకిస్తాన్, రష్యా, కెనడా వంటి దేశాల నుంచి కొన్న యురేనియాన్ని తనిఖీలో ఉన్న రియాక్టర్లలోనే వాడాలి. దేశంలో తవ్విన యురేనియానికి అటువంటి కట్టడి లేదు. తనిఖీ బయటి రియాక్టర్లకు వెళ్లేది ప్రధానంగా ఆ దేశీయ యురేనియమే. జాదుగూడలో తవ్వినా, కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వినా, రేపు కొప్పునూరులో తవ్వినా, ఆ ఖనిజం ఏ దారి పడుతుందో స్థానికుడికి తెలిసే మార్గం లేదు. యురేనియం కార్పొరేషన్ తన ఉత్పత్తి లెక్కను బయటపెట్టదు. పిడుగురాళ్ల, మాచర్ల చుట్టుపక్కల సిమెంటు కంపెనీలు ఎన్ని టన్నుల సున్నపురాయి తీశాయో చెప్పాలి. తుమ్మలపల్లె గనిలో ఎంత యురేనియం వచ్చిందో మాత్రం పులివెందుల ప్రజలకు చెప్పరు. పౌర శాఖ, పౌర ప్రభుత్వరంగ సంస్థ, పౌర గని, అయినా లెక్క సైనిక రహస్యం.

యురేనియం గని మామూలు గని వంటిది కాదనే విషయం ఇక్కడ చెప్పాలి. తుమ్మలపల్లె మర రోజుకు 3,000 టన్నుల రాయిని నలిపేలా కట్టినది. టన్ను రాయిలో అర కిలో యురేనియం కూడా ఉండదు. అంటే తవ్విన రాయంతా దాదాపుగా బురదగా మారి టెయిల్ పాండ్ అనే వ్యర్థాల చెరువుకు చేరుతుంది. ఖనిజంలోని రేడియోధార్మికతలో అధిక భాగం యురేనియం తీశాక కూడా ఆ బురదలోనే మిగిలిపోతుంది. అందులోని థోరియం-230 సగానికి తగ్గడానికి 75,000 ఏళ్లు, రేడియం-226కు 1,600 ఏళ్లు పడుతుంది. 2012లో గని పని మొదలైన తరువాత తుమ్మలపల్లె చుట్టూ ఉన్న పల్లెల్లో, ముఖ్యంగా అరటి తోటల రైతులు, బోరు నీళ్లు చెడిపోయాయని ఫిర్యాదు చేశారు. తమ వల్ల కాదని సంస్థ అంది. ఇలాంటి చోట ఎవరి మాట నిజమో తేల్చవలసింది నియంత్రణ సంస్థ.

ఆ నియంత్రణ సంస్థ ఎవరి కింద ఉంటూ వచ్చిందన్నది కథలో మెలిక. అణుశక్తి నియంత్రణ మండలి 1983 నవంబరు 15న ప్రభుత్వ ఉత్తర్వుతో ఏర్పడింది. అది నివేదిస్తూ వచ్చింది అణుశక్తి సంఘానికి. ఆ సంఘం అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. 2000లో భాభా పరిశోధన కేంద్రాన్ని మండలి పరిధి నుంచి తప్పించి, ఆ కేంద్రానికే సొంత భద్రతా కమిటీ అప్పగించారు. ఆయుధాల పని జరిగే చోట బయటి కన్ను అక్కరలేదన్నది కారణం. 2012లో కాగ్ నివేదిక, మండలికి స్వతంత్ర ప్రతిపత్తి లేదని, తనకు తాను నిబంధనలు చేసే అధికారం లేదని, చట్టంలోని జరిమానాలు నామమాత్రమని చెప్పింది. 2011లో తెచ్చిన స్వతంత్ర నియంత్రణ సంస్థ బిల్లు లోక్‌సభ రద్దుతో 2014లో మురిగిపోయింది. ఫుకుషిమా తరువాత జపాన్ ఏడాదిన్నరలోనే పాత నియంత్రణ సంస్థను పరిశ్రమల శాఖ నుంచి విడదీసి కొత్తది పెట్టింది. ఇక్కడ ఆ పని చాలా ఏళ్లు ఆగింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం 1962 చట్టాన్నీ, 2010 పౌర అణు నష్టపరిహార చట్టాన్నీ రద్దుచేసి, ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచి, నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. ఆ హోదా మంచిదే. దాని విలువ మాత్రం దాని కింద రాసే నిబంధనల మీద, మండలి సభ్యులను ఎవరు ఎంపిక చేస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

పౌర అధికారానికి గ్రామస్థాయిలో ఉన్న ప్రధాన రూపం ప్రజాభిప్రాయ సేకరణ. లంబాపురం, పెద్దగట్టు గనుల కోసం 2003లో జరిగిన సేకరణలో గిరిజన తండాల వాళ్లు, పర్యావరణ కార్యకర్తలు గట్టిగా అడ్డం తిరిగారు. సాగర్ జలాశయపు గట్టు మీద గని, ఆ నీరు తాగే జంట నగరాలు, ఆ నీటితో సాగయ్యే కుడి ఎడమ కాలువల ఆయకట్టు, అంతా ఆ సభలో ప్రశ్నగా నిలిచింది. తరువాత అనుమతులు వచ్చినా ఇప్పటికీ అక్కడ తవ్వకం మొదలు కాలేదు. 2019లో నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు సన్నాహాలు వచ్చినప్పుడు జనం లేచారు. ఆ ఏడాది సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఈ రెండుచోట్లా నిర్ణయాన్ని ఆపింది బహిరంగంగా మాట్లాడగలిగిన అవకాశమే.

2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆదేశపత్రం విడుదల చేసింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాలు, వ్యూహాత్మక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదంది. రక్షణ శాఖ, అణుశక్తి శాఖ కోరిన మీదట ఈ మినహాయింపు ఇచ్చినట్టు అందులోనే ఉంది. అమెరికాలో 1946లో సైన్యం చేతి నుంచి తీసి పౌరులకు అప్పగించిన నిర్ణయాధికారం ఇక్కడ ఒక కార్యాలయ పత్రంతో వెనక్కి వెళ్లినట్టయింది. గనికీ యుద్ధానికీ మధ్య రియాక్టర్, శుద్ధి కర్మాగారం, ఎన్నో దశలున్నాయి. కొప్పునూరులో మిర్చి, పత్తి వేసుకునే రైతు తన బావి గురించి అడిగితే దేశ రక్షణకు ముప్పు ఏమిటో ఎవరూ చెప్పలేదు. వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి, అంటే వెల్దుర్తి, బొల్లాపల్లి ప్రాంతాలకు నీళ్లు ఇవ్వడానికి, అటవీ అనుమతుల కోసం పల్నాడు ఏళ్ల తరబడి ఎదురుచూసింది. నీటికి ఉన్నన్ని అడ్డంకులు యురేనియానికి లేకపోవడం న్యాయం కాదు.

మాచర్ల ప్రాంతపు వాగులు చంద్రవంకలో కలిసి, ఎత్తిపోతల దగ్గర దూకి, కృష్ణలో చేరుతాయి. సాగర్ కుడి కాలువ ఆ ప్రాంతంలోని ఆనకట్ట నుంచే బయలుదేరి పల్నాడు, గుంటూరు, ప్రకాశం పొలాలకు వెళుతుంది. గని పడితే నీటి ప్రశ్న ఒక్క ఊరితో ఆగదు. తవ్వకం నేడు మొదలవుతోందని చెప్పడం ఈ లేఖ ఉద్దేశం కాదు. మొదలయ్యే రోజున అడిగేందుకు చట్టంలో చోటు మిగలకపోవడమే ఆందోళన. ప్రశ్నలు ఇప్పుడే నమోదు కావాలి.

అణుశక్తి శాఖ ప్రధాని చేతిలోనే ఉంది. లోక్‌సభలో దానికి జవాబిచ్చేది ప్రధాని కార్యాలయపు సహాయ మంత్రి. నరసరావుపేట సభ్యులు లేవనెత్తగలిగే నక్షత్రపు గుర్తు ప్రశ్నలు స్పష్టంగానే ఉన్నాయి. కొప్పునూరు నిక్షేపం మీద అన్వేషణ ఏ దశలో ఉంది, గని లీజు ప్రతిపాదన ఉందా. ఉంటే ఆ ఖనిజాన్ని తనిఖీ ఉన్న పౌర రియాక్టర్లకే కేటాయిస్తామని ప్రభుత్వం ముందుగా ప్రకటిస్తుందా. అన్వేషణ కోసం తవ్విన బోర్లను ఎలా మూశారు, చుట్టుపక్కల బావుల్లో యురేనియం, రేడియం పరీక్షలు ఎప్పుడు జరిగాయి, ఆ ఫలితాలు గ్రామ పంచాయతీ గోడ మీద ఎందుకు అతికించలేదు. గని రాకముందు నీరు ఎలా ఉందన్న లెక్క ఇప్పుడు తీసి పెట్టకపోతే, తుమ్మలపల్లెలో మాదిరిగా, తరువాత ఎవరి మాట నిజమో తేలదు. ఈ పరీక్ష పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రక్షణకు సంబంధించిన రహస్యమూ ఇందులో లేదు.

శాంతి చట్టం కింద నిబంధనలు సభ ముందుకు వచ్చినప్పుడు, భాభా కేంద్రానికీ వ్యూహాత్మక కేంద్రాలకూ నియంత్రణ మండలి తనిఖీ వర్తిస్తుందా అని అడగడానికి సభ్యులందరికీ వీలుంది. ఆయుధాల రూపకల్పన ఎవరూ అడగనక్కరలేదు. అక్కడ పనిచేసే కార్మికుడికి ఎంత మోతాదు తగిలింది, వ్యర్థాలు ఎక్కడ ఉన్నాయి అన్నవి శత్రువుకు పనికొచ్చే సమాచారం కాదు. 2025 సెప్టెంబరు ఆదేశపత్రాన్ని ఉపసంహరించమని, కనీసం యురేనియం విషయంలో జిల్లా స్థాయి ప్రజాభిప్రాయ సేకరణను తిరిగి పెట్టమని ఆంధ్ర, తెలంగాణ సభ్యులు కలిసి కోరవచ్చు. కృష్ణ నీరు రెండు రాష్ట్రాలదీ, సాగర్‌కు ఇరువైపులా నిక్షేపాలున్నాయి గనుక ఇందులో రాష్ట్రాల పోటీకి చోటు లేదు.

శాస్త్ర, సాంకేతిక, పర్యావరణ, అటవీ స్థాయీ సంఘం పరిధిలో అణుశక్తి శాఖ ఉంది. అమెరికా 1946లో తన ప్రతినిధులకు చట్టంతో రాసిచ్చిన తెలుసుకునే హక్కును ఇక్కడ ఆ స్థాయీ సంఘం నుంచే మొదలుపెట్టవచ్చు: దేశీయ యురేనియంలో ఎంత భాగం తనిఖీ బయటి రియాక్టర్లకు వెళుతుందో, టెయిల్ పాండ్‌ల నీటి పరీక్షల ఫలితాలేమిటో, ఏటా మూసిన తలుపుల వెనకైనా సంఘానికి చెప్పి తీరాలన్న నియమం. నరసరావుపేట సభ్యులు రాబోయే సమావేశాల్లో ఆ ప్రతిపాదనను స్థాయీ సంఘం అధ్యక్షులకు లిఖితపూర్వకంగా అందజేయాలని, దాని ప్రతిని నరసరావుపేట, గురజాల, మాచర్ల పౌరులకు అందుబాటులో ఉంచాలని ఈ లేఖ కోరుతోంది.

మాచర్ల, పల్నాడు జిల్లా